జెండా చుట్టూ పూసిన గట్టుముత్తెం

ఎర్రగట్టు ఫైరింగ్ రేంజ్‌లోకి అడుగుపెట్టాలంటే రెండింటిని గేటు దగ్గరే వదిలేయాలి. ఒకటి ఫోను, రెండోది తొందర. ఫోను గార్డు గదిలోని చెక్కపెట్టెలోకి పోతుంది. తొందర సంగతి సుబేదార్ ఓబులేసు చూసుకుంటాడు. ఆయన ముందు నడుస్తుంటే వెనక అడుగులో అడుగేసుకుంటూ రావాలి. పువ్వు బాగుందనో పిట్ట కూసిందనో కాస్త పక్కకు తొలిగితే ఆయనకు ఎక్కడలేని కోపం వస్తుంది.

"మేడం, ఆ జెండా కనపల్లేదా మీకు?"

"కనబడింది ఓబులేసుగారూ. దూరంగానే ఉన్నాను కదా."

"ఎంత దూరమనేది చెప్పాల్సింది నేను, మీరు గాదు. ఇట్లా రాండి."

కుముదిని బుద్ధిగా వచ్చి ఆయన వెనక నిలబడింది. యాభై నాలుగేళ్ల మనిషి, మొక్కల శాస్త్రంలో పెద్ద పేరున్న మనిషి, బడిపిల్లలా చీవాట్లు తింటున్నానే అని ఆమెకు బాధ లేదు. నిజం చెప్పాలంటే ఆ చీవాట్ల కోసమే ఎదురుచూసేది. పగలంతా ఆ గుట్టల్లో ఆమెతో మాట్లాడే మనిషి గొంతు అదొక్కటే మరి.

ఎర్రజెండాల కథ ఆమెకు మొదటిరోజే చెప్పాడు ఓబులేసు. సైన్యం సాధనకు పేల్చే ఫిరంగి గుండ్లన్నీ పేలవు. కొన్ని మట్టిలో కూరుకుపోయి మూగగా ఉండిపోతాయి. పడ్డచోట జెండా పాతుతారు. వాటిని తీసే దళం ఎప్పుడో వస్తుంది. అది వచ్చేదాకా ఆ గుండు బతికుందో చచ్చిందో ఎవరికీ తెలియదు. తట్టి చూద్దామనుకున్నవాడు ఫలితం చెప్పడానికి మిగలడు. అందుకని రేంజ్‌లో ఒకటే ఆనవాయితీ. జెండా ఉందంటే గుండు బతికున్నట్టే. రుజువులడగకూడదు. చుట్టూ ఓ గది వెడల్పు నేలను దానికి వదిలేసి తప్పుకుపోవాలి.

కుముదిని పని సరిగ్గా దీనికి తలకిందులు. ఆమె పనే తట్టి చూడడం.

ఆమె చేతిలో నడుమెత్తు కర్ర ఒకటుంటుంది. దానికి కాగితాల మీద ఊపిరాడనంత పొడుగు పేరుంది గానీ ఇంట్లో పెట్టిన పేరు తట్టుకర్ర. దాని కొసన ఉన్న బిళ్ల నేలకు ఆనిస్తే సన్నటి వణుకు మట్టిలోకి దిగుతుంది. ఆ వణుక్కి రాయి పలకదు, చచ్చిన గింజ పలకదు. బతికున్న గింజ ఎంత గాఢనిద్రలో ఉన్నా ఒక్కసారి ఉలిక్కిపడి బదులిస్తుంది. చెవిలో పెట్టుకున్న గొట్టంలో అది పోపులో ఆవగింజ చిట్లినట్టు వినిపిస్తుంది. ఏ జాతి గింజకు ఆ జాతి చిటుక్కు. మొక్క ఒక్కటీ పైన కనిపించకపోయినా, కింద ఎవరెవరు పడుకుని ఉన్నారో తెలిసిపోతుంది.

ఆ కర్రను చేసింది ఆమె ఒక్కతే కాదు. ఆమే, ఆమె భర్త గోవర్ధనూ కలిసి చేశారు. పన్నెండేళ్ల కాపురం ఆ కర్రతోనే గడిచింది. పిల్లలేరీ అని అడిగినవాళ్లకు గోవర్ధన్ నవ్వుతూ దాన్నే చూపించేవాడు. ఇప్పుడాయన ఎవరికీ ఏదీ చూపించడం లేదు. మూడేళ్లుగా ఆయన జ్ఞాపకం ఉప్పుమూటలా కరిగిపోతోంది.

ఎర్రగట్టులో ఆమె వెతుకుతున్నది గట్టుముత్తెం అనే మొక్క. బెత్తెడెత్తు కూడా ఉండదు. మంచివాన పడ్డ ఏడాది రాళ్ల మధ్య నుంచి లేచి, ముత్యాలంత తెల్లటి పూలు పూసి, గింజ రాల్చి మాయమవుతుంది. వాన లేని ఏళ్లు గింజగానే నిద్రపోతుంది. మేకలూ నాగళ్లూ తిరిగిన చోటల్లా అంతరించిపోయింది. మనుషులు రాకూడదని కంచె వేసిన ఈ ఫిరంగుల నేలలో మాత్రం బతికి ఉంది.

ఇప్పుడు రేంజ్‌లో రాకెట్లను పరీక్షించడానికి పొడవాటి కాంక్రీటు ట్రాక్ వేయాలి. దారిలో అరుదైన మొక్కలున్నాయేమో చూడాలన్నది షరతు. నిరుడు వేసవిలో కుముదిని దక్షిణపు గట్టంతా తట్టింది. గొట్టంలో ఒకటే చిటపట. ఆమె ఆనందం పట్టలేక గార్డు గదిలో జవాన్లకు లడ్లు పంచింది. ట్రాక్‌ను ఉత్తరాన గిన్నెపల్లం అనే పల్లానికి మార్చారు. ఇప్పుడు ఆ పల్లం కూడా తట్టాలి. గింజలున్నాయని ఆమె రాసిస్తే ఆగుతారు. లేకపోతే వచ్చే సోమవారం యంత్రాలు దిగుతాయి.

"రేపు గిన్నెపల్లం మొదలుపెడదాం ఓబులేసుగారూ" అంది ఆ సాయంత్రం గేటు దాకా వచ్చాక.

"మొదలుపెడుదురు గాని, మొదట ఫోను మాట్లాడుకోండి. మీ సారు కాసుకోనుంటాడు" అన్నాడు ఆయన. రేంజ్‌లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు.

గార్డు గదిలో నల్ల ల్యాండ్‌లైన్ ఉంది. మెస్ టీ తాగి, కుముదిని రోజూ అదే వేళకు కర్నూలు ఇంటికి ఫోన్ చేస్తుంది. గోవర్ధన్ అక్క రాజ్యలక్ష్మి ఎత్తి, తమ్ముడి చేతికిస్తుంది.

"నేనెవరిని, చెప్పండి?" అంది కుముదిని.

కాసేపు అవతల ఊపిరి మాత్రమే వినబడింది. "కుముదం" అన్నాడు ఆయన.

"మన ఇల్లు ఏ ఊళ్లో?"

"కర్నూలు."

"మన కర్రకు మొదట పలికిన గింజ ఏది?"

ఈసారి చాలాసేపు పట్టింది. గార్డు జవాను కూడా రాస్తున్న పెన్ను ఆపాడు. "గోరుచిక్కుడు" అన్నాడు గోవర్ధన్.

కుముదిని కళ్లు మూసుకుని నవ్వుకుంది. ఉన్నాడు. ఇంకా లోపల ఉన్నాడు. ఆ మూడు జవాబులు మూటగట్టుకుని గెస్ట్‌రూమ్‌కు వెళ్లి, ఒంటిమంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటే రేపటిదాకా సరిపోయేవి. అంతకు మించి ఆమెకు ఈ లోకంలో ఎదురుచూసేది లేదు.

మర్నాడు గిన్నెపల్లానికి పోయే దారిలో దక్షిణపు గట్టు వస్తుంది. నిరుడు మొహం చాటేసిన వానలు ఈ పదిహేను రోజులుగా బాగా పడుతున్నాయి. నిరుడు అన్నన్ని గింజలు పలికిన నేల, ఈపాటికి అక్కడ కాలు పెట్టే సందు ఉండకూడదు.

"ఒక్కసారి గట్టెక్కి పూత చూసి పోదాం. నా పెళ్లినాడు కూడా నేనింత తయారై రాలేదు" అంది కుముదిని.

ఓబులేసు మీసాల్లో నవ్వాడు.

గట్టెక్కారు. గడ్డి పచ్చగా ఉంది. తుమ్మమొక్కలు చిగిరించాయి. గట్టుముత్తెం లేదు. కుముదిని వంగి వెతికింది, మోకాళ్ల మీద కూర్చుని వెతికింది. ఒక్కటి లేదు. ఆలస్యంగా మొలుస్తాయేమో అనుకుంది. వాన చాలలేదేమో అనుకుంది. మనసు ఊరికే సాకులు పేరుస్తోంది.

"మేడం, ఆపక్క సూడండి" అన్నాడు ఓబులేసు.

కాస్త ఎగువన ఎర్రజెండా గాలికి కొట్టుకుంటోంది. దాని చుట్టూ, గీత గీసినట్టు గుండ్రంగా, తెల్లగా గట్టుముత్తెం పూసి ఉంది. నేల కనిపించనంత దట్టంగా పూసింది. వలయం దాటి ఒక్క పువ్వు లేదు. దూరంగా ఇంకో జెండా, దాని చుట్టూ ఇంకో తెల్లటి గుండ్రం. ఆ పైన మరొకటి.

"నిరుడు మిమ్మల్ని నేను పోనీలేదే, సరిగ్గా ఆడాడనే పూసినాయి" అన్నాడు ఓబులేసు వింతపడుతూ. ఆయన దాన్ని దేవుడి మహిమలా చూస్తున్నాడు. కుముదిని మాత్రం రాయి మీద కూర్చుండిపోయింది.

నిరుడు తాను తట్టిన నేల ఏదో, తట్టని నేల ఏదో, పూలే గిరిగీసి చూపిస్తున్నాయి.

పూత లేని నేల నుంచి గుప్పెడు మట్టి తీసి జల్లెడ పట్టింది. గట్టుముత్తెం గింజలు దొరికాయి. భూతద్దం కింద చూస్తే అన్నీ పొట్టులే. లోపల పప్పు లేదు. కుళ్లింది కాదు, పురుగు తిన్నదీ కాదు. గింజే తన పప్పును తాను తినేసింది.

అప్పుడు అర్థమైంది. గింజ ఏళ్ల తరబడి బతికేది నిద్రవల్ల. దాచుకున్న పిడికెడు తిండిని ముట్టుకోకుండా పడుకుంటుంది. 'ఉన్నావా' అని తట్టితే మేలుకుని 'ఉన్నా' అంటుంది. ఆ తర్వాత దానికి మళ్లీ నిద్ర పట్టదు. వాన రాని ఎండునేలలో కళ్లు తెరుచుకుని, దాచుకున్నది కొంచెం కొంచెంగా తింటూ, వాన వచ్చేసరికి ఖాళీ అయిపోతుంది.

మరి ప్రయోగశాలలో ఇన్నేళ్లూ ఇది తెలియలేదేం? తెలియకపోవడానికి కారణం గుర్తొచ్చి కుముదినికి ఏడుపొచ్చింది. తట్టిన ప్రతి ట్రేకీ గోవర్ధన్ వెంటనే నీళ్లు పోసేవాడు. "పాపం, పిలిస్తే పలికింది, దాహంతో ఎలా వదిలేస్తాం" అనేవాడు. ఆమె కూడా చెంబు అందించేది. నీళ్లు తగిలిన గింజలన్నీ చకచకా మొలిచేవి. తమ కర్ర గింజకు మేలు చేస్తుందనుకుని మురిసిపోయారిద్దరూ. వాళ్ల జాలే వాళ్ల కళ్లకు గంతలు కట్టింది. పోసిన ఆ చెంబెడు నీళ్లు, ఇక్కడ ఈ గట్టు మీద ఎవరూ పోయలేదు.

"నేనే చంపాను ఓబులేసుగారూ" అంది.

"దేన్ని మేడం?"

"ఈ గట్టు మొత్తాన్ని."

ఆయన నీళ్లసీసా మూత తీసి ఇచ్చాడు.

ఆ రోజు గిన్నెపల్లానికి పోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మధ్యాహ్నమంతా గట్టు మీదే తిరిగింది. తట్టిన ప్రతిచోటా మట్టి తవ్వి జల్లించింది. ప్రతిచోటా పొట్టే. గేటుకు చేరేసరికి ఫోను వేళ ఎప్పుడో దాటిపోయింది. పరుగున గార్డు గదికి వెళ్లి నంబరు తిప్పింది.

"వదినా, ఆలస్యమైంది. ఆయనకివ్వు."

"పడుకున్నాడే" అంది రాజ్యలక్ష్మి.

"అప్పుడేనా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాడు. ఇవాళ నీ ఫోను రాలేదు కదా, కడుపునిండా తిని పడుకున్నాడు." రాజ్యలక్ష్మి ఒక్కక్షణం ఆగింది. "కుముదం, చెప్పకూడదనుకున్నా. ఇక దాచలేను. నువ్వు సాయంత్రం ప్రశ్నలేస్తావని వాడు పొద్దుటి నుంచీ భయపడి చస్తాడే. మధ్యాహ్నం నుంచి వరండాలో పచార్లు మొదలు. 'కుముదం, కర్నూలు, గోరుచిక్కుడు. కుముదం, కర్నూలు, గోరుచిక్కుడు.' అన్నం పెడితే ముట్టడు, ముద్ద మింగితే మాట మర్చిపోతానంటాడు. నీకు చెప్పేశాక కూడా నిద్రపోడు. రేపటికి మళ్లీ ఉండాలి కదా అని మంచం మీద కూర్చుని అవే అనుకుంటుంటాడు. ఎంత చిక్కిపోయాడో నీకు ఫోన్లో కనబడదుగా."

కుముదిని చేతిలో రిసీవరు బరువెక్కింది.

"నా మీద ప్రేమతో చెప్తున్నాడనుకున్నాను వదినా."

"ప్రేమతోనే చెప్తున్నాడే పిచ్చిదానా. ప్రేమ లేకపోతే అంత కష్టపడతాడా?"

ఫోను పెట్టేసింది. గార్డు జవాను తల వంచుకుని పుస్తకంలో ఏదో రాస్తున్నట్టు నటించాడు. కుముదిని చాలాసేపు ఆ బల్ల దగ్గరే కూర్చుంది. ఇవాళ రేపటికి సరిపోయే మూట ఏదీ లేదు. ఇకముందు కూడా ఉండబోదని తెలిసింది.

మర్నాడు పొద్దున్నే రేంజ్ అధికారి మేజర్ విజయానంద్ గదిలో కూర్చుంది. ఒంగోలు మనిషి, మాట నెమ్మది, పని గట్టి.

"గిన్నెపల్లం ఇంకా మొదలుపెట్టలేదటండీ. సోమవారం దగ్గరికొస్తోంది."

"మొదలుపెట్టను మేజర్‌గారూ. అక్కడ నేను తట్టను" అని, గట్టు మీద చూసిందంతా చెప్పింది. గింజలు ఎలా చచ్చాయో, తాము నీళ్లు పోసి ఎలా మోసపోయారో, ఏదీ మిగల్చకుండా చెప్పింది. తట్టుకర్రను ఆయన బల్ల మీద పెట్టేసింది.

మేజర్ దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాడు. "మరి గిన్నెపల్లంలో గింజలున్నాయనడానికి రుజువేంటండీ?"

"తట్టితే రుజువుంటుంది, గింజలుండవు. తట్టకపోతే గింజలుంటాయి, రుజువుండదు."

"ఆ మాట పైవాళ్లకి రాస్తే నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తారు."

"మీ జెండాల కింద గుండ్లు బతికున్నాయని రుజువు చూసే పాతారా?"

మేజర్ కిటికీలోంచి బయటకు చూశాడు. ఇరవై ఏళ్లుగా ఇలాంటి జెండాల మధ్య తిరిగిన మనిషి. ఎవరూ ఆయన్ని ఈ ప్రశ్న అడిగి ఉండరు.

"ఉందో లేదో తెలియనప్పుడు ఉందనే అనుకోమని మీ రేంజే నాకు నేర్పింది" అంది కుముదిని. "గట్టుముత్తెం బతికింది కూడా అలా అనుకున్న చోటే."

"సరే, పల్లాన్ని వదిలేస్తానండీ. ట్రాక్ ఎక్కడ వెయ్యమంటారు? గాల్లోనా?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. రాత్రంతా దానికే జవాబు వెతుక్కుంది. ఉన్నది ఒక్కటే జవాబు.

"దక్షిణపు గట్టు మీద వేయండి. జెండాల చుట్టూ తప్ప అక్కడింక ఏమీ లేదు."

"మీరు సంతకం పెట్టి రాసివ్వాలి. ఎందుకు లేదో కూడా రాయాలి." మేజర్ గొంతు తగ్గించాడు. "అది రాశాక ఈ కర్రని దేశంలో ఎవరూ ముట్టుకోరండీ. మీవారి పేరు కూడా దీనిమీదే ఉందంటారు. ఆలోచించుకోండి."

"ఆలోచించాను. ఆయనైతే ఇంకా ముందే రాసేవాడు."

రాసింది. సంతకం దగ్గర మాత్రం పెన్ను కాస్త ఆగింది. పన్నెండేళ్ల కాపురం మీద గీత గీసినట్టే ఉంది మరి. గీసింది.

"ట్రాక్ దారిలో ఒక జెండా ఉంది. ఆ గుండును పేల్చేయాలి. మిగతావాటి జోలికి మేం పోం" అన్నాడు మేజర్.

"దాని చుట్టూ పూత గింజకట్టి రాలేదాకా ఆగండి. ఆ గింజలు ఏరి పల్లంలో చల్లుతాను."

"ఆగుతాం."

సోమవారం యంత్రాలు గిన్నెపల్లం వైపు రాలేదు. దాని బదులు ఓబులేసు భుజాన ఎర్రజెండాల కట్ట వేసుకుని వచ్చాడు. పల్లం అంచు వెంబడి ఒక్కొక్కటే పాతుతూ పోయాడు. కుముదిని వెనకాలే నడిచింది, అడుగులో అడుగేసుకుంటూ. చివరి జెండా పాతాక ఆయన చేతులు దులుపుకున్నాడు.

"ఇంగ మీరు గూడా లోపలికి పోగూడదు మేడం. చెప్పినా గదా అనొద్దు."

"పోనులెండి" అంది. లోపల ఏముందో ఆమెకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. వాన రావాలి, దానంతటది మేలుకోవాలి.

గింజలు ఏరి, జెండాల బయట నిలబడే పల్లంలోకి చల్లాక, కుముదిని కర్నూలు చేరింది. మధ్యాహ్నపు ఎండ వరండాలోకి వాలింది. గోవర్ధన్ పచార్లు చేస్తున్నాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. ఆమెను చూడగానే ఆయన ముఖం పరీక్షగదిలో పిల్లాడి ముఖంలా మారిపోయింది.

"కుముదం" అన్నాడు గబగబా. "కర్నూలు. తర్వాత... తర్వాతది..."

కుముదిని వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏమీ అడగనండీ. ఇంకెప్పుడూ అడగను. రండి, కూర్చుందాం."

ఆయన నమ్మలేదు. ఆ రోజూ, మర్నాడూ ఆమె కనబడితే చాలు పాఠం మొదలుపెట్టేవాడు. ఆమె ప్రతిసారీ ఊరుకునేది. అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క ప్రశ్న. పళ్లు బిగించి వంటింట్లోకి వెళ్లిపోయేది. కొన్నాళ్లకు పచార్లు తగ్గాయి. అన్నం తింటున్నాడు. నిద్రపోతున్నాడు. పేరు పలకడం కూడా మానేశాడు.

ఒక సాయంత్రం ఇద్దరూ వరండాలో చాప మీద కూర్చుని ఎండు వేరుశనక్కాయలు వొలుస్తున్నారు. రాజ్యలక్ష్మి లోపల దీపం పెడుతోంది. గోవర్ధన్ ఆమె వైపు చాలాసేపు చూశాడు. చూపు ప్రశాంతంగా ఉంది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు మర్యాదగా. "రోజూ వచ్చి పక్కన కూర్చుంటారు. ఏమీ అడగరు. మీరుంటే హాయిగా ఉంటుంది."

కుముదిని చేతిలో కాయ ఆగిపోయింది. నేను కుముదాన్ని, మీ భార్యను అని ఒక్కమాట చెబితే, ఆయన మళ్లీ ఆ మాటను పట్టుకుని రాత్రంతా మేలుకుంటాడు. చెప్పలేదు.

"నాకూ హాయిగానే ఉందండీ" అంది, కన్నీళ్లు కనబడకుండా చేట వైపు వంగి.

ఆయన తల ఊపి, చేటలోంచి ఒక కాయ తీసుకున్నాడు. వొలవలేదు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించాడు. తలవంచి విన్నాడు. ప్రయోగశాలలో గొట్టం చెవిలో పెట్టుకుని వినేటప్పుడు సరిగ్గా అలాగే తల వంచేవాడు.

"ఉందిలే లోపల" అన్నాడు. ఆ కాయను ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

కుముదిని దాన్ని వొలవలేదు. కొంగున ముడేసుకుని, మిగతా కాయలు వొలవసాగింది.